బెజవాడలో పడని వాన

కార్ఖానా, సికింద్రాబాద్
18 అక్టోబరు 1948

ఉస్తాద్ యేసురాజుకు నాసర్ సలాం.

టపా మళ్లీ నడుస్తోందని మా రైల్వే పార్సిల్ ఆఫీసులో విన్నాను. నమ్మకం లేకుండానే ఈ కవరు డబ్బాలో వేస్తున్నాను. అందితే జవాబు రాయి. అందకపోయినా రాయి. నీకు తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

నేనూ హజీరా బాగున్నాం. నువ్వు బెజవాడ బండెక్కినప్పుడు ఇక్కడున్న సర్కారు ఇప్పుడు లేదు. ఆ సంగతి మీ పత్రికలు నాకంటే బాగా రాసి ఉంటాయి.

పోయినేడు దీపావళి దాటాక తుఫాను వస్తుందని నువ్వన్నావు, వచ్చింది. కాబట్టి ఉస్తాద్‌వు ఇంకా నువ్వే. వాతావరణం మలుపు ముందుగా చెప్పినవాడిని, మరో మలుపు దాకా రెండోవాడు ఉస్తాద్ అని పిలవాలని బడిలో యెషయా మాస్టరు మన ఇద్దరికీ పెట్టిన పందెం. మనిద్దరికీ తల నెరిసినంత మాత్రాన, నడుమ టపా ఆగినంత మాత్రాన అది రద్దు కాదు. నేను మాట తప్పను. నోరు మాత్రం నొప్పి పెడుతోంది.

మాస్టరు పోతూ పోతూ నాకిచ్చిన రాగి గరాటు మా డాబా మీదే ఉంది. కింద వాన పట్టే సీసా. సీసాలో ఇవాళ ఒక చీమ.

ఇక ఆకాశం. చెప్పడానికి సిగ్గేస్తోంది. నైరుతి వెళ్లిపోయింది, ఈశాన్యం రాలేదు. మబ్బు లేదు. పోనీ నీలమైనా ఉందా అంటే, బట్టలు జాడించి పారబోసిన నీలిమందు నీళ్ల రంగు. చలి లేదు, ఉక్క లేదు. వంటిళ్ల పొగ నిటారుగా లేచి, కాసేపు నిలబడి, ఎటు పోవాలో తెలియక మళ్లీ మా ముక్కుల్లోకే దిగుతోంది. ఆదివారం కాప్రా చెరువు దాకా నడిచాను. చెరువు మీద ఒక్క ముడత లేదు. ఇంటికొచ్చి రెండు పేజీలు ఇదే రాసుకుంటే హజీరా అంది, "ఏం లేదని రాసెటందుకు గింత సిరా గావాల్నా?"

నీ దగ్గరైనా ఏమైనా ఉందా?

నాసర్

*

బెజవాడ
26 అక్టోబరు 1948

ఒరే నాసర్,

నీ కవరు చూసి పిల్లల ముందు తరగతి గదిలోనే గంతేశాను. భూగోళం పాఠం ఆగిపోయింది. ఆగనీ. ఈ భూగోళంలో ఇప్పుడు చెప్పడానికి ఏముంది?

ఇక్కడా అంతేరా! కృష్ణ రేకుముక్కలా పడి ఉంది. పొద్దున మంచు పడుతుందేమోనని చీకటితో లేచి వెళ్తే గేదెలు నన్ను జాలిగా చూశాయి. దీన్ని రుతువు అంటారా? రుతువంటే ఒక పని చెయ్యాలి. ఎండ కాయాలి, వాన కురవాలి, చలి కరవాలి. ఈ అక్టోబరు, పైరవీతో ఉద్యోగం తెచ్చుకున్న గుమాస్తాలా, వచ్చి కూర్చుని వెళ్లిపోతోంది.

ఆకాశం చూడలేక పత్రిక తెరిస్తే అక్కడ ఇంకా ఘోరం. "పోలీసు చర్య" అట! జేబుదొంగను పట్టుకున్నట్టు! ట్యాంకులెక్కి వెళ్లే పోలీసులు ఏ ఠాణావాళ్లో ఈ రాతగాళ్లను అడగాలి. నవాబు పాలన కూలినందుకు నేను వీధిలో మిఠాయి పంచాను. ఇప్పుడైనా పంచుతాను. దానికి పశ్చాత్తాపం లేదు. కానీ రజాకార్లు నా తలుపు విరగ్గొట్టిన నాడు నన్ను తన ఇంటి ధాన్యపు గదిలో దాచినవాడు నాసర్. ఇప్పుడు అటు పడమటి జిల్లాల్లో నాసర్‌లాంటి వాళ్ల తలుపులు విరుగుతున్నాయని రైలు దిగినవాళ్లు చెబుతుంటే, ఈ పత్రిక "పరిస్థితి ప్రశాంతం" అని అచ్చేస్తుంది! రోజూ అదే మాట, అదే చోట.

మనమూ "ఏమీ లేదు" అనే రాస్తాం, ఒప్పుకుంటాను. కానీ డాబా ఎక్కి, మెడ పట్టేసేదాకా చూసి రాస్తాం. వాళ్లు కుర్చీలోంచి లేవకుండా రాస్తారు. మాస్టరు ఏమనేవాడు? "చూసింది రాయండి, చూడనిది రాయకండి." ఆ ముక్క ఒక్క సంపాదకుడి చెవిలో పడినా ఈ దేశం బాగుపడును.

సరే, పందెం. కార్తీక పున్నమి లోపల వాన వస్తుంది. ఇది ఉస్తాద్ మాట. నీ మాట చెప్పు.

యేసురాజు

*

కార్ఖానా, సికింద్రాబాద్
5 నవంబరు 1948

ఉస్తాద్ యేసురాజుకు సలాం.

ఉత్తరం అందింది. కవరు అంటించిన చెయ్యి నీది కాదు. నువ్వు ఇంత శుభ్రంగా అంటించవు.

ఇక్కడ అంతా బాగుంది. ఆకాశంలో మార్పు లేదు. గాలి లేదు. పున్నమి దాటేదాకా వాన రాదని నా అంచనా. గరాటు ప్రస్తుతం డాబా మీద లేదు.

పత్రికల సంగతి నాకు రాయకు. వాతావరణం రాస్తే చాలు.

నాసర్

*

బెజవాడ
9 నవంబరు 1948

ఒరే,

ఇదేం ఉత్తరంరా? రైల్వే రసీదు కూడా ఇంతకంటే ప్రేమగా ఉంటుంది. గరాటు డాబా మీద లేకపోతే ఎక్కడుంది? దానికేమైనా సెలవిచ్చావా? "అంతా బాగుంది" అని రాస్తావా నాకు? ఆ పత్రికలో చేరిపో, జీతం కూడా ఇస్తారు.

నా మాటలకు కోపమొస్తే తిట్టు. నన్ను తిట్టే హక్కు నీకుంది. "అంతా బాగుంది" అనే హక్కు లేదు.

ఇక్కడ ఇవాళ కూడా ఏమీ లేదు. మండిపోతోంది నాకు. ఎండకు కాదు, ఎండ లేక.

యేసురాజు

*

కార్ఖానా
11 నవంబరు 1948
(రైలింజన్లో బొగ్గేసే జంగయ్య చేతికిచ్చినది)

యేసురాజన్నకు హజీరా సలాం చెప్తున్నది. నాకు తెలుగు రాయరాదు, పక్కింటి సుమిత్ర రాస్తున్నది. నేనెట్ల చెప్తే అట్లనే రాయాలని ఒట్టు వెట్టించుకున్న.

అన్నా, ఆయన నీకు ఏం చెప్తలేడు. మీ ఉత్తరాలు టపాల విప్పి చదువుతున్నరు. పోయిన వారం ఇద్దరు మనుషులు ఇంటికొచ్చి డాబా ఎక్కిన్రు. గరాటు వట్టుకొని "ఇది దేనికి?" అన్నరు. "వాన కొల్చెటందుకు" అన్నడు మీ దోస్తు. "వాన ఏది?" "రాలే." "రాని వాన కొల్చెటందుకు ఇంత రాగి ఎందుకయ్యా?" గరాటు, సీస రెండూ వట్టుకపోయిన్రు.

ఠాణాల పెద్ద సాబ్ ఉన్నడట, ఇండియా యూనియన్ దిక్కు నుంచి వచ్చినోడు. ఆయనకు తెలుగు రాదు. పేతురని గుమస్తా ఉత్తరాలు చదివి చెప్తడట. సాబ్ అన్న మాట ఇది: "ఇంత వయసొచ్చిన మనుషులు ఏమీ లేని ఆకాశం మీద పేజీలకు పేజీలు రాసుకుంటరా? ఇందుల ఏదో మతలబు ఉన్నది." మతలబు చెప్పెదాక నౌకరీ బంద్. పొద్దుగాల పోయి ఆడ బల్ల మీద కూసోవాలె, చీకటి వడ్డంక రావాలె. నమ్మకపోతే జైలే. మా గల్లీల తీస్కపోయినోళ్లు ఇంకా ఇంటికి రాలే అన్నా. ఈసారి పీర్లను సుత బయటికి తియ్యలే. అంత పరేషాన్ల ఉన్నం.

నీకు రాయద్దన్నడు. నువ్వు పేపర్ల రాస్తవట, రాస్తే ఇంకింత తక్లీఫ్ అయితదట. నువ్వు రాయకు. కాని ఒక్క మాట అడుగుత. గా ఉత్తరాలల్ల జెర ఏమన్న జరిగినట్టు రాయరాదు? ఒక ఉరుమో, మెరుపో. ఉత్త ఆకాశం మీద రాస్తే ఎవ్వలు నమ్ముతరు? నేనే నమ్మకపోదును. లగ్గమైనకాడికెల్లి చూస్తున్న గనక నమ్ముతున్న.

హజీరా
(చెప్పింది చెప్పినట్టే రాసిన. సుమిత్ర)

*

బెజవాడ
13 నవంబరు 1948
(జంగయ్య చేతికి)

హజీరా చెల్లెమ్మకు,

నీ ఉత్తరం చదివి పత్రికకు ఒక వ్యాసం రాశాను. నా జన్మలో అంత మంచి తిట్లు రాయలేదు. రాసి చింపేశాను. నువ్వు వద్దన్నావు కాబట్టి. లేకపోతే నన్నాపే మొగాడు ఇక్కడ లేడు.

ఎలాంటి రోజులమ్మా ఇవి! నవాబు కాలంలో నేను రాసింది చదివి నా వెంటపడ్డారు. అందులో ఏదో ఉంది కాబట్టి పడ్డారు, అది న్యాయమే అనుకుందాం. ఇప్పుడు ఏమీ లేనిది రాసినందుకు వాడి వెంటపడ్డారు! లాభం లేని పని మనిషి ప్రేమతో చేస్తాడంటే ఏ సర్కారుకూ అర్థం కాదు.

నువ్వు చెప్పింది సబబే. మా ఉత్తరాల్లో వాన లేకపోవడమే మా నేరం. రేపో ఎల్లుండో టపాలో వాన పంపుతాను, ఆ సాబ్ గొడుగు తెచ్చుకునేంత. అది నాసర్‌కు రాసే ఉత్తరం కాదు, చదివేవాళ్లకు రాసేది. వాడికి ముందుగా చెప్పకు. చెబితే ఒప్పుకోడు.

మీ అన్న
యేసురాజు

*

బెజవాడ
15 నవంబరు 1948

ప్రియ మిత్రుడు నాసర్‌కు,

వచ్చింది! చివరికి వచ్చింది! నిన్న ఆదివారం మధ్యాహ్నం తూర్పున నల్లటి మబ్బు గోడలా లేచింది. చూస్తుండగానే సముద్రం మీది గాలి ఊరి మీద పడింది. కృష్ణ ఒడ్డున తాటిచెట్లు చీపురుపుల్లల్లా వంగాయి. మా బడి పైకప్పు పెంకులు పావురాల్లా ఎగిరిపోయాయి. ఉరుములకు ఇంద్రకీలాద్రి గజగజ వణికింది. వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. స్టేషను చుట్టూ చెరువే. సాయంత్రం దాకా కుండపోత. రాత్రి కూడా ఆగలేదు. ఆహా, ఏం వాన, ఏం వాన!

పున్నమి లోపలే వచ్చిందని గమనించగలవు.

ఇట్లు నీ ఉస్తాద్,
యేసురాజు

*

కార్ఖానా, సికింద్రాబాద్
20 నవంబరు 1948
(జంగయ్య చేతికి)

యేసురాజుకు,

సలాం లేదు. ఉస్తాద్ అసలే లేదు. ఎందుకో చదువు.

హజీరా నీకు రాసిన సంగతి నిన్న తెలిసింది. అందుకని నేను దాచాల్సింది ఇక లేదు. బుధవారం నన్ను బల్ల మీది నుంచి లేపి లోపలికి పిలిచారు. సాబ్ చేతిలో నీ కవరు ఉంది. ఆయన హిందుస్తానీ నాకు తెలిసినా, ప్రతి మాటా పేతురు తెలుగులో చెప్పాలని అక్కడి పద్ధతి. సాబ్ ముఖం బాగుంది. చాలా రోజుల తర్వాత నవ్వుతూ అడిగాడు.

"నీ దోస్తు ఊళ్లె పెద్ద తుఫాను వచ్చిందట. రాసిండు."

"ఎన్నడు సాబ్?"

"మొన్న ఐతారం."

"రాలే సాబ్" అన్నాను.

పేతురు అది సాబ్‌కు చెప్పలేదు. నా వైపు వంగి, పళ్ల సందున అన్నాడు: "ఏం మాట్లాడుతున్నవ్ నాసర్ సాబ్? ఔనను. ఔనంటే ఇంటికి పోతవ్. గా వాన నిన్ను బయట పడేస్తది."

"పడని వాన నన్నెట్ల బయట పడేస్తది?"

సాబ్ గొంతు పెరిగింది. పేతురు చెప్పక తప్పలేదు. నవ్వు పోయింది.

"రాలేదని నీకెట్ల ఎరుక? ఆయన ఆడ ఉన్నడు. నువ్వు ఈడ బల్ల మీద కూసున్నవ్."

"బల్ల కిటికీ పక్కనే ఉన్నది సాబ్."

అప్పుడు చెప్పాను. బెజవాడ తాటిచెట్లు వంచే తుఫాను వస్తే దాని అంచు సికింద్రాబాద్ దాకా తగులుతుంది. ముందు దూది పింజల్లాంటి మబ్బులు తూర్పు నుంచి రావాలి, తర్వాత ఉత్తరపు గాలి లేవాలి. ఆదివారం నుంచి మీ వంటవాడి పొగ ఎటూ వంగలేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఇంకా అనుమానముంటే బెజవాడ బండి వచ్చే వేళ అయింది, మనిషిని పంపించండి. డబ్బాల మీద దుమ్ము ఎట్లున్నది అట్లనే ఉంటది. "మావోడు అబద్ధం రాసిండు సాబ్" అని నా నోటితో నేనే అన్నాను. నలభై ఏళ్ల దోస్తు గురించి, పోలీసు గదిలో. అనిపించింది నువ్వు.

సాబ్ స్టేషనుకు ఫోను చేశాడు. నన్ను నిలబెట్టే ఉంచాడు. నువ్వు నిజమే రాసి ఉంటే, నా లెక్క తప్పి ఉంటే, ఆ రోజే జైలు. ఫోను మోగింది. దుమ్ము. మోకాలి లోతు దుమ్ము అన్నాడట అక్కడివాడు. బెజవాడ నుంచి వచ్చిన గార్డును అడిగితే వాన మొహం చూసి నెల దాటిందన్నాడట.

సాబ్ కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వాడు. "మతలబు ఉన్నోళ్లయితే ఇద్దరూ ఒక్క మాట మీద ఉంటరు. ఆకాశం కోసం ఒకడినొకడు ఠాణాల పట్టిచ్చుకునేటోళ్లు ఉత్త పిచ్చోళ్లు. పంపించు." నా నౌకరీ తిరిగి వచ్చింది. గరాటు ఇంకా రాలేదు. దానికి పై నుంచి కాగితం రావాలట.

నువ్వు నా కోసమే రాశావు. తెలుసు. హజీరా ఏడ్చి మరీ చెప్పింది. అయినా నా కోపం తగ్గలేదు. నీకేం, నువ్వు బెజవాడలో యేసురాజువు. అబద్ధం రాసి దొరికితే "మాస్టారు సరదా మనిషి" అంటారు. నేను ఇక్కడ, ఈ నవంబరులో, నాసర్‌ను. నాకు ఒక్క అబద్ధం చాలు.

ఇంకొకటి. "ప్రశాంతం" అని రాసేవాళ్ల మీద ఎంత లేచావు! వాళ్లు జరిగింది జరగలేదని రాశారు. నువ్వు జరగనిది జరిగిందని రాశావు. కుర్చీలోంచి లేవకుండానే రాశావు కదా? పైగా పున్నమి లోపలే వచ్చిందని గమనించాలట! పందెం కూడా కొట్టేద్దామనుకున్నావురా!

నాసర్

*

బెజవాడ
25 నవంబరు 1948
(జంగయ్య చేతికి)

ఉస్తాద్ నాసర్‌కు,

చూడు, మొదటి మాటే రాశాను. ఇక వాదించనివ్వు.

ఆకలితో ఉన్నవాడు రొట్టె దొంగిలించడం, షావుకారు ధాన్యం దాచడం రెండూ ఒకటే అంటావా? వాళ్ల అబద్ధం చంపినవాళ్లను కాపాడేది. నాది నిన్ను కాపాడాలనుకున్నది. ఈ తేడా చూడనివాడు తక్కెడ పట్టడానికి పనికిరాడు. ఈ మాట మీద ఎవరితోనైనా పోట్లాడతాను.

నీతో తప్ప. ఎందుకంటే నా వాన నిన్ను కాపాడలేదు. నా వాన నిన్ను జైలు గుమ్మం దాకా తీసుకెళ్లింది. నీ ఉత్తరం మా ఆవిడ కాంతమణికి చదివి వినిపిస్తే, "మీ తుఫానులో తాటిచెట్లు పడ్డాయి గానీ మీ గర్వం ఒక్కటే పడలేదు" అంది. ఇవాళ అదీ పడింది. ఉరుములకు కొండ వణికిందట! ఏ వెధవ రాశాడో! మా బడిలో ఎవడైనా పిల్లవాడు అలా రాస్తే బెంచీ ఎక్కించేవాడిని.

ఇవాళ బెజవాడ ఆకాశం: ఏమీ లేదు. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, సాయంత్రం ఒడ్డు దాకా వెళ్లి చూశాను. మబ్బు లేదు. గాలి లేదు. నా మీద ఒట్టు, ఏమీ లేదు.

గరాటు తిరిగి అడుగు. అది రాగి ముక్క కాదు. అడగడానికి భయమైతే నేనే వచ్చి అడుగుతాను.

నీ శిష్యుడు
యేసురాజు

*

కార్ఖానా, సికింద్రాబాద్
4 డిసెంబరు 1948
(జంగయ్య చేతికి)

యేసురాజుకు నాసర్ సలాం.

నువ్వు రావద్దు. నువ్వొచ్చి అడిగితే గరాటుతో పాటు నన్ను కూడా ఠాణా బీరువాలో పెడతారు.

నిన్న వాన పడింది.

మన ఇద్దరిలో ఎవరం ముందుగా చెప్పలేదు. మధ్యాహ్నం దాకా అదే నీలిమందు నీళ్ల ఆకాశం. పార్సిల్ ఆఫీసులో ఉండగా రేకుల మీద చప్పుడు. మొదట మేకలు ఎక్కాయనుకున్నాం. బయటికొచ్చి చూస్తే, యేసురాజూ, వాన. ఈ ఏడు చలికాలానికి మొదటి వాన, బహుశా చివరిది. రిజిస్టరు తోటి గుమాస్తా బిక్షం చేతిలో పెట్టి పరుగెత్తాను. ఇంటికి కాదు, ఠాణాకు. ఈ వయసులో, చెప్పులు చేతిలో పట్టుకుని. కార్ఖానా సగం నన్ను చూసింది.

పేతురు వరండాలో ఉన్నాడు. "పేతురూ, గరాటు బయట పెట్టు, ఒక్క గంట. మళ్లీ నీ బీరువాలోనే పెట్టుకో."

"తాళంచెవి సాబ్ తాన ఉన్నది నాసర్ సాబ్. సాబ్ బొల్లారం పోయిండు."

"మరి వాన?"

"వాన ఆగదా ఏంది, సాబ్ వచ్చెదాక?"

కిటికీలోంచి బీరువా కనిపిస్తోంది. అద్దం వెనక మాస్టరు గరాటు, మెడకు చీటీ కట్టించుకుని, పొడిగా. రాని వాన కోసం డాబా మీద కూర్చున్న పాత్ర అది. వాన వచ్చిన నాడు సర్కారు నీడలో ఉంది. నేను ఆ కిటికీ ముందు నిలబడి తడిశాను. పేతురుకు ఏమనిపించిందో, తన చాయ్ గ్లాసు కడిగి మెట్టు మీద పెట్టాడు. "దీంట్ల కొలువు" అన్నాడు పాపం. గ్లాసుతో కొలవడం కుదరదని చెప్పలేదు. ఇద్దరం అందులో చినుకులు పడటం చూశాం.

నా పుస్తకంలో ఇట్లా రాశాను: వాన పడింది. ఎంతో తెలియదు.

అక్టోబరులో నువ్వు పడమటి జిల్లాల సంగతి రాశావు. నేను జవాబివ్వలేదు. ఆ బండ్లు దిగినవాళ్లను నేనూ చూశాను. పార్సిల్ ఆఫీసు ముందు నుంచే పోతారు. ఎక్కువమంది ఆడవాళ్లు. సామాను ఉండదు. ఎక్కడి నుంచి అని అడిగితే ఊరి పేరు చెబుతారు, ఇంకేమీ చెప్పరు. ఎంతమంది చనిపోయారో నన్ను అడగకు. నాకు తెలియదు. కొలవాల్సిన పాత్రలన్నీ ఎవరి బీరువాలో ఉన్నాయో వాళ్లకే తెలియాలి.

నువ్వు పత్రికకు రాస్తానంటే ఈసారి వద్దనను. అంకె వెయ్యకు. కొండలు వణికించకు. తెలియదని రాయి.

కానీ అసలు పడనే లేదని ఎవరైనా అంటే నన్ను పిలువు. నేను తడిశాను.

నాసర్